గాంధీ బజారు గోడ మీద తెల్ల డబ్బా

మా ఇంట్లో అమ్మ నర్సు, అక్క నర్సు, చిన్నమ్మ నర్సు. నాకేమో సిరంజి చూస్తేనే కళ్ళు తిరుగుతాయి. డిగ్రీ అయ్యాక అనంతపురంలో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో పెళ్ళికార్డులకు బొమ్మలు వేసుకుంటూ కూర్చున్నాను. అమ్మ ఓపిక పట్టినంతకాలం పట్టి, చివరికి ఎవరెవరినో బతిమాలి మిషన్ ఆసుపత్రి నర్సింగ్ స్కూల్లో నాకొక సీటు ఖాయం చేసి వచ్చింది. సరిగ్గా అప్పుడే బెంగళూరు నుంచి కబురొచ్చింది.

అక్క సుగుణ హెబ్బగోడి దగ్గర ఒక ఆసుపత్రిలో పనిచేస్తుండేది. నేను గీసి పంపిన ఈస్టర్ కార్డును వార్డు గోడకు అంటించిందట. కాలు విరిగి ఆ గోడ ఎదురుగానే పడుకున్న నాగరాజ్ గారనే పెద్దాయన, వేరే పనేమీ లేక రోజంతా దాన్నే చూసి, "ఈ పాపను ఒక వారం నా దగ్గరికి పంపించమ్మా. పని నచ్చితే పెట్టుకుంటా" అన్నాడట. ఆయనకు బసవనగుడిలో, గాంధీ బజారు వీధిలో డిజైన్ ఆఫీసు ఉంది. సబ్బు కాగితాలు, బిస్కెట్ ప్యాకెట్లు, పుస్తకాల అట్టలు అక్కడే తయారవుతాయి. ఆ మాట విన్నప్పటి నుంచి నా కాళ్ళు నేల మీద నిలవలేదు.

అమ్మ మాత్రం ఒకటే మాట చెప్పింది. "వారమే. వచ్చే సోమవారం నర్సింగ్ స్కూల్లో ఫీజు కట్టల్ల. ఆలోపల ఆయప్ప పెట్టుకున్నాడా సరి, లేకుంటే తిరిగొచ్చి తెల్లకోటు వేసుకో."

ఆదివారం గుడిలో, అంటే మా చర్చిలో, ఆరాధన కానిదే అమ్మ కదలనివ్వదు కాబట్టి, మధ్యాహ్నం భోజనం చేసి రెండు గంటల బస్సు ఎక్కాను. సెల్‌ఫోన్‌కు వచ్చే కాల్స్ మీద ఛార్జీ తీసేసిన కొత్త రోజులవి. అక్క దగ్గరొక ఫోన్ ఉంది, నా దగ్గర దాని నంబరు రాసుకున్న చీటీ ఉంది. మీలో ఎవరైనా ఈ దారిన వెళ్ళేటట్లయితే కుడివైపు కిటికీ పట్టుకోండి. మధ్యాహ్నం ఎండ మొహాన కొడుతుంది, నిజమే. కానీ చిక్కబళ్ళాపురం దాటాక నంది కొండ ఆ వైపే కనిపిస్తుంది.

బాగేపల్లిలో టీకి ఆపినప్పుడు, పూలబుట్టతో ఎక్కిన ఒక పెద్దమ్మ నా పక్కన కూర్చుంది.

"బెంగుళూరుకు దేనికి పోతాండావు పాపా?"

"పనికి పెద్దమ్మా. డబ్బాల మీద బొమ్మలుంటాయి చూడు, అవి గీసే పని."

"అవి ఎవురో గీస్తారా? డబ్బాతోనే వస్తాయనుకుంటి గదే! దానిగ్గూడా జీతమిస్తారా?"

"ఇస్తారో లేదో ఈ వారంలో తెలుస్తాది."

"ఇస్తార్లే, పో" అని బుట్టలోంచి ఒక చామంతి తీసి నా జడలో పెట్టింది. మా అమ్మ ఒప్పుకోని ఉద్యోగానికి మొట్టమొదట ఒప్పుకున్నది ఆమే.

బెంగళూరు మెజెస్టిక్ బస్టాండులో దిగేసరికి చినుకులు. అక్క గొడుగుతో నిలబడి ఉంది. అక్కడి నుంచి హెబ్బగోడికి ఇంకో బస్సు. ఫ్యాక్టరీ వాళ్ళకు అద్దెకిచ్చే వరసగదుల్లో ఒకటి అక్కది. మంచం, స్టవ్వు, గోడకు క్యాలెండరు, అంతే. నాకా రాత్రి అది రాజమహల్ లాగే ఉంది.

సోమవారం పొద్దున్నే రెండు బస్సులు మారి గాంధీ బజారులో దిగాను. ఏం వీధి అది! రెండు పక్కలా పెద్ద పెద్ద చెట్లు, వాటి కింద మూరలు కొలిచే పూలవాళ్ళు, పూజసామాన్ల అంగళ్ళు, నెయ్యి దోశల వాసన. హోటల్లో నిలబడే ఖారాబాత్ అనే కారం ఉప్మా తిని, కాఫీ తాగాను. పక్కనున్న ఇద్దరు ఒకే కాఫీని "బై టూ" అని చెప్పి పంచుకున్నారు. ఆఫీసు ఒక పాతకాలపు ఇంటి మేడ మీద ఉంది. నాగరాజ్ సార్ చేతికర్ర పట్టుకుని కుంటుకుంటూ వచ్చారు. ఆయన తాతల కాలం నుంచీ బెంగళూరే, కానీ ఇంట్లో తెలుగే.

"సుగుణమ్మ చెల్లెలివా? రా పాపా. నీ బల్ల అదుండాది. పెన్సిళ్ళు ఎన్నైనా తీసుకో, రబ్బరు మాత్రం స్వల్పం వాడు" అన్నారు.

నాకు అప్పజెప్పిన పని కొత్త మల్లె అగరుబత్తుల డబ్బా. శనివారం సాయంత్రం కంపెనీ యజమాని శెట్టిగారు వచ్చి చూస్తారు. ఆ ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. రోజూ నాలుగింటికి కాఫీ రాగానే అందరూ తమ పనిని గోడకు గుచ్చాలి. మిగతావాళ్ళు తోచింది అంటారు. గీసినవాళ్ళు మాత్రం నోరు విప్పకూడదు.

"ఎందుకు సార్?" అని ఆపుకోలేక అడిగేశాను.

"అంగట్లో నువ్వు డబ్బా పక్కన నిలబడి చెప్తావాప్పా? అదే చెప్పుకోవల్ల" అన్నారు.

బుధవారం నాది గుచ్చాను. తెల్లటి డబ్బా, దాని మీద పొడుగుకాడల లిల్లీలు, వెండిరంగు అక్షరాలు. నా కంటికది ఎంత బాగుందంటే మధ్యాహ్నం సరిగా అన్నం కూడా తినలేదు. గోడ ముందు అందరూ నిలబడ్డారు. నా పక్క బల్ల కిరణ్, విజయవాడ అబ్బాయి, గొంతు సవరించుకున్నాడు.

"డ్రాయింగ్ సూపర్ అండీ, క్లీన్‌గా ఉంది. బట్ ఓవరాల్‌గా చూస్తే... కొంచెం సంతాపం ఫీలింగ్ వస్తోంది."

నాగరాజ్ సార్ నన్ను చూసి మెల్లగా అడిగారు. "పాపా, ఇప్పుడు మాట్లాడొచ్చు నువ్వు. మీ ఇండ్లల్లో ఊదుకడ్డీలు యాడ ముట్టిస్తారు?"

మా ఇంట్లో అగరుబత్తి వెలిగించగా ఎప్పుడూ చూడలేదు. నేను చూసింది ఏడాదికొకసారి, సమాధుల పండుగ నాడు, తాత సమాధి మీద కొవ్వొత్తుల పక్కన.

"సమాధుల దగ్గర సార్" అన్నాను.

ఆఫీసంతా గొల్లుమంది. నాకు తల కొట్టేసినట్టయింది. సార్ కూడా నవ్వారు గానీ, వెంటనే చెయ్యెత్తి అందరినీ ఆపారు. "చూసిందే గీసింది, తప్పేముండాది? తెలుపు బాగుండాది. లిల్లీలే వద్దు. మల్లెపూల కడ్డీలు కొనేవాళ్ళను పొయ్యి చూడు. శనివారం దాకా టైముండాది."

గురువారం సాయంత్రం, ఏడుపు మొహంతో ఉన్న నన్ను కిరణ్ బలవంతంగా కబ్బన్ పార్కు పక్కన ఒక హాలుకు తీసుకుపోయాడు. ఆ వారమంతా ఊళ్ళో డిజైన్ సందడి. ఒక చోట ప్రదర్శన, ఒక చోట ఉపన్యాసం, అన్నిటికీ ప్రవేశం ఉచితం. ఆ హాల్లో ఒకాయన బెంగళూరు అంగళ్ళ బోర్డుల ఫోటోలు తెర మీద వేసి చూపించాడు. మిఠాయి అంగడి బోర్డు అక్షరాలు జాంగ్రీల్లా ఎలా మెలికలు తిరుగుతాయో, తాళాల అంగడి అక్షరాలు ఎలా బిగుసుకుని నిలబడతాయో ఆయన చెబుతుంటే నోరెళ్ళబెట్టి విన్నాను. హాలు నిండా మనుషులు. అక్షరం వంపు గురించి పెద్దవాళ్ళు వాదించుకుంటున్నారు, గొంతు పెంచి మరీ! అనంతపురంలో నేనొక్కదాన్నే ఇలాంటి పిచ్చిదాన్నని అనుకునేదాన్ని. బయటికొచ్చాక ఎస్టీడీ బూతులోంచి అమ్మకు ఫోన్ చేసి, నా బొమ్మ పనికిరాదన్నారని చెప్పాను. జాంగ్రీ అక్షరాల గురించి కూడా చెప్పాను. అమ్మ "సరేలే, చినుకుల్లో తడవాకు" అని పెట్టేసింది.

శుక్రవారం దీపాలు, గంటలు, బంగారు రంగుతో ఇంకొకటి గీశాను. "ఇది అందరిదాని మాదిరే ఉండాది" అన్నారు సార్. ఆ మాట సంతాపం కన్నా ఎక్కువ గుచ్చుకుంది. రాత్రి అక్క అన్నం వడ్డిస్తూ, "యేమ్మే, మొగం అట్ల పెట్టినావు? ఇంకా రేపుంది గదా" అంది.

ఆ సందడిలో భాగంగా శనివారం నగరంలో డిజైన్ ఆఫీసులన్నీ జనానికి తలుపులు తెరిచిపెట్టే రోజు. పొద్దున్నే కిరణ్‌తో కలిసి నాలుగు వీధుల అవతల ఒక కొయ్యబొమ్మల ఇంటికి వెళ్ళి, లక్కరంగు ఎలా ఎక్కిస్తారో చూసి, చేతులకు పచ్చరంగు పూసుకుని వచ్చాను. పదకొండుకల్లా మా మెట్ల మీదా జనమే. బజారుకొచ్చిన ఆడవాళ్ళు కూరల సంచులతోనే ఎక్కేస్తున్నారు. అంగళ్ళలో దొరికే అగరుబత్తి డబ్బాలన్నీ ఒక బల్ల మీద పరిచి, సార్ నన్ను అక్కడ నిలబెట్టారు.

అరగంట గడిచిందో లేదో, నాకొకటి తట్టింది. డబ్బా చేతిలోకి తీసుకున్న ఒక్కరు కూడా ముందు బొమ్మ చూడటం లేదు! నేరుగా ముక్కు దగ్గర పెట్టుకుంటున్నారు. మూత దగ్గర వాసన అందకపోతే గోటితో గీకి, కాస్త చించి మరీ చూస్తున్నారు. పూజ చేసే ఇళ్ళలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి ఇది. సమాధుల పండుగ పిల్లకు ఎలా తెలుస్తుంది?

ఆ బల్ల వదిలేసి నా బల్ల దగ్గరికి పరుగెత్తాను. తెల్ల అట్ట తీసి డబ్బా మడిచాను. దాని ఒక చివర సూదితో చిన్న చిన్న చిల్లులు పొడిచాను, అన్నీ కలిపితే విచ్చుకున్న మల్లెపువ్వు. వాసన ఊరికే పోకుండా దాని మీద ఆకుపచ్చ కాగితంతో ఒక ఆకు అంటించాను. ఆకు ఎత్తితే పువ్వు, వదిలితే మూత. కంపెనీ పంపిన మల్లె కడ్డీలు లోపల పెట్టి, మిగతావాటి మధ్యలో దాన్ని కూడా పెట్టేసి, ఏమీ ఎరగనట్టు నిలబడ్డాను.

మొదట ఒక కాలేజీ అమ్మాయి ఆకు ఎత్తింది. వాసన చూసి, స్నేహితురాలిని పిలిచింది. ఆ తరువాత ఆ డబ్బా బల్ల మీద ఉన్నది తక్కువ, జనం చేతుల్లో ఉన్నది ఎక్కువ.

నాలుగింటికి శెట్టిగారు వచ్చారు. సార్ ఆ డబ్బాను గోడ దగ్గరున్న చిన్న పీట మీద పెట్టి, నా వైపు చూసి నోటి మీద వేలు పెట్టుకున్నారు. శెట్టిగారు ఆకు ఎత్తారు, వాసన చూశారు, మళ్ళీ మూశారు.

"బాగానే ఉండాది నాగరాజా. ఒక్కొక్క డబ్బాకూ ఆకు అంటించల్లంటే ఎట్లప్పా అయ్యేది? ఎవురు అంటిస్తారు? సుమ్నె, ఊరికే పని పెంచుతాండావు."

నా నాలుక చివర జవాబుంది. కడ్డీలు చుట్టే ఆడవాళ్ళే ఇది కూడా అంటిస్తారు, లేబుల్ అంటించినంత సులువు అని చెప్పాలి. చెప్పకూడదు. పళ్ళు బిగపట్టుకున్నాను. ఇక తెల్లకోటే అనుకున్నాను.

అప్పుడే వెనక నుంచి, చేతిలో కొత్తిమీర కట్టతో ఒకామె శెట్టిగారి భుజం పక్కగా చెయ్యి చాపి డబ్బా తీసుకుంది. ఆకు ఎత్తి వాసన చూసింది.

"అయ్యో, చించే పనే లేదే! ఇది ఎంతప్పా? రెండు కట్టియ్యి" అంది ఆయనతోనే, ఆయన్ని అంగడివాడనుకుని.

"ఇంకా మార్కెట్‌కు రాలేదమ్మా" అన్నారు శెట్టిగారు.

"ఎప్పుడొస్తాది మరి?"

శెట్టిగారు ఆమెను చూశారు, డబ్బాను చూశారు. "దీపావళికి" అన్నారు. ఆ తరువాత నాగరాజ్ సార్ వైపు తిరిగి, "ఆకుపచ్చ ఇంకా కొంచెం ముదురుగా పెట్టు" అన్నారు.

సార్ నా దగ్గరికి వచ్చి చెప్పింది ఒక్కటే మాట. "పొయ్యి బట్టలు తెచ్చుకో పాపా. బుధవారానికి వచ్చెయ్యి." నేను ఏడ్చానో నవ్వానో నాకే తెలియదు. కిరణ్ మాత్రం రెండూ చేశానంటాడు.

ఆదివారం పొద్దున, గుడి ఎగ్గొట్టి, సిటీ స్టేషన్‌లో ప్యాసింజరు ఎక్కాను. అక్క కట్టిచ్చిన చిత్రాన్నం గౌరిబిదనూరు రాకముందే అయిపోయింది. హిందూపురం దాటాక భయం మొదలైంది. ఉద్యోగం వచ్చింది సరే, అమ్మకు ఎలా చెప్పాలి? ఎంతమందిని బతిమాలి తెచ్చిన సీటు! ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం లేక, ధర్మవరంలో బండి చాలాసేపు ఆగుతుందని తెలిసి, దిగి ప్లాట్‌ఫారం మీద బూతులోంచి ఇంటికి ఫోన్ చేశాను.

"అమ్మా, నన్ను పెట్టుకున్నారు. రేపు ఫీజు కట్టొద్దు" అని గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను.

"యాడి ఫీజు? మొన్న శుక్రవారమే పొయ్యి, ఆ సీటు ఇంకెవురికన్నా ఇయ్యండని చెప్పొచ్చినా."

"శుక్రవారమా? అప్పటికి నా బొమ్మ పనికిరాదన్నారు గదమ్మా! గురువారం నీకు చెప్పినా గూడా!"

"చెప్పినావు. పనికిరాదన్నారని చెప్తానే నవ్వుతాండావు. ఇన్నేండ్లు వార్డులో చేసినా, గొంతు వింటే తెలీదా మనిషి బాగుండాడో లేదో? నువ్వు బాగుండావు. ఈయప్ప గాకుంటే ఇంకొక ఆయప్ప పెట్టుకుంటాడులే. బండి పోతాది, ఎక్కు."

పరుగెత్తి ఎక్కాను. కూర్చోబుద్ధి కాలేదు. బెంగళూరు ఎలా ఉందని ఇప్పటికీ ఎవరైనా అడిగితే చెట్లు, చలి, కాఫీ అని చెబుతాను, అవన్నీ నిజమే. మీరు వెళ్తే గాంధీ బజారు తప్పకుండా చూడండి, ఎక్కడైనా ఆఫీసు తలుపు తెరిచి ఉంటే మొహమాటపడకుండా మెట్లెక్కండి. కానీ ఆ రోజు తలుపు దగ్గర కమ్మీ పట్టుకుని నిలబడ్డ నాకు బెంగళూరు గుర్తే లేదు. నేను ఓడిపోయానని చెప్పిన మరునాడే, అంత కష్టపడి తెచ్చిన సీటును వద్దని చెప్పి ఇంటికి నడిచి వచ్చిన మా అమ్మే కళ్ళ ముందు ఉంది. అనంతపురం ఇంకా గంట దూరం. ఆ గంట నాకు వారం కన్నా పొడుగనిపించింది.