యాదగిరన్న పదో చుట్టు

ఈ ఉదయం రాయదుర్గం మెట్రో స్టేషన్లో నా ముందు మెట్టు మీద నిలబడ్డ పెద్దమనిషి మోకాలికో నడుముకో నొప్పి మందు పట్టించుకుని వచ్చినట్టున్నాడు. కర్పూరం, పుదీనా కలిసిన ఆ ఘాటు ముక్కుకు తగలగానే నా చెయ్యి దానంతటదే బ్యాగులోకి పోయింది. అందులో ఎప్పుడూ ఒక నీలిగళ్ళ దస్తీ ఉంటుంది. దస్తీ అంటే చేతిరుమాలే. ప్రొద్దుటూరు నుంచి వచ్చిన నేను ఆ మాట నేర్చుకోవడానికి నలుగురిలో నవ్వులపాలు కావలసి వచ్చింది. నేర్పినవాడు యాదగిరన్న. మా ఆఫీసులో ఉద్యోగుల క్యాబులు చూసుకునేవాడు. యాభై దాటిన మనిషి, అయినా ఆఫీసంతటికీ అన్నే. ఆయన పోయి ఏడాది కావస్తోంది.

ఉద్యోగంలో చేరిన మొదటి వారమే నిజాంపేటలో హాస్టలు ముందు క్యాబు తప్పిపోయింది. ఆటోలు మారి గంట ఆలస్యంగా వచ్చి, ఆయన బల్ల ముందు నిలబడి చెమటా కన్నీళ్ళూ కలిపి కార్చాను. "దస్తీ లేదా మేడం?" అని అడిగాడు. దస్త్రం అడుగుతున్నాడనుకుని నా సర్టిఫికెట్ల ఫైలు తీసి చేతికిచ్చాను. ఆయన నింపాదిగా ఫైలు విప్పి, పదో తరగతి మార్కులు చూసి, "మార్కులు మంచిగనే ఉన్నయ్. గని దీంతోని మొకం ఎట్ల తుడుసుకుంటరు?" అన్నాడు. డ్రైవర్లంతా నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన మాత్రం నవ్వకుండా తన జేబులోంచి ఉతికిన దస్తీ తీసి నాకిచ్చాడు.

మర్నాడూ క్యాబు కదిలిపోతుంటే వెంటపడి పరుగెత్తి సందు చివర పట్టుకున్నాను. ముందు సీట్లో ఆయనే కూర్చుని ఉన్నాడు. "అద్దంల చూస్తనే ఉన్న. ఉరుకుడు మంచిగుంది" అన్నాడు. "చూస్తా ఉండి ఆపీలేదా?" అని కయ్యానికి దిగాను. "అందుకుంటవా లేదా చూద్దామని" అన్నాడు. ఆ రోజు నుంచి నేను ఆయనకు మేడం కాదు, బిడ్డను. చందానగర్లో రోజూ తెల్లవారుజామున పరుగెత్తుతాడని తర్వాత తెలిసింది. ఆదివారాలు నేనూ వెళ్ళడం మొదలుపెట్టాను.

నాకొక జబ్బు ఉంది. ఎదుటివాళ్ళు తడబడుతుంటే చూస్తూ ఊరుకోలేను. పక్కవాళ్ళ పని లాక్కుని నేనే చేసేస్తాను. దాన్ని మంచితనమనే అనుకునేదాన్ని. ఎంత మంచి పిల్లవో అని మెచ్చుకునేవాళ్ళకూ కొదవ లేదు. యాదగిరన్న ఒక్కడే ఎన్నడూ మెచ్చుకోలేదు.

నేను చేరిన మూడో ఏడు, మా చుట్టుపక్కల ఆఫీసులన్నీ కలిసి ఇద్దరిద్దరి జట్లతో రిలే పరుగు పెట్టాయి. రెండు కిలోమీటర్ల చుట్టు, మొత్తం ఇరవై చుట్లు. ఒకరు పరుగెత్తుతుంటే ఒకరు ఆగాలి, ఎవరెన్ని చుట్లన్నది జట్టు ఇష్టం. ఆదివారం పొద్దున అయిదింటికి మొదలుపెట్టి పదింటికల్లా ముగించాలి. ఆ తర్వాత పోలీసులు రోడ్డు తెరిచేస్తారు. యాదగిరన్న మా ఇద్దరి పేర్లూ ఇచ్చి వచ్చాడు, మనిషికి పది చుట్లని మా ఒప్పందం. మెడలో పతకంతో ఫొటో పంపుతానని నేను అప్పుడే ఇంట్లో అందరికీ చెప్పేశాను.

కాలం లెక్కించే చిన్న బిళ్ళ ఒకటి మాకిచ్చారు, చేతికి కట్టుకునే పట్టీతో. చుట్టు చుట్టుకీ దాన్ని విప్పి కట్టేసరికి పుణ్యకాలం గడిచిపోతుందని ఆయన ఆ బిళ్ళను తన దస్తీకి పిన్నుతో గుచ్చాడు. దస్తీ చేతిలో పడితే చాలు, పరుగెత్తడమే. "మొదలు నువ్వు పో. ఆఖరి చుట్టు నాకుంచు" అన్నాడు. ఎందుకని నేను అడగలేదు. నా వంతు, ఆయన వంతు, మళ్ళీ నా వంతు. ఎండ ఎక్కేసరికి దస్తీ మా ఇద్దరి చెమటతో తడిసి, ఆయన మోకాలికి రాసుకున్న మందు వాసన పట్టుకుంది.

పదిహేడో చుట్టు నాది. ముగించి వస్తుంటే, ఆయన అడ్డుకంచె పట్టుకుని వంగి మోకాలు నొక్కుకుంటూ కనిపించాడు. నన్ను చూసి నిటారుగా నిలబడి చెయ్యి చాపాడు. నేను దస్తీ ఇవ్వలేదు. "నువ్వు కూచో అన్నా, ఇది నేను చూసుకుంటా" అని అరిచి, ఆ చెయ్యి పక్కనుంచే పరుగెత్తాను. ఆ రెండు కిలోమీటర్లూ నా మంచితనానికి నేనే మురిసిపోయాను.

తిరిగి వచ్చేసరికి ఆయన మొహం నల్లబడి ఉంది. "నా వంతు నువ్వెట్ల ఉరుకుతవ్ బిడ్డా?"

"నువ్వు కుంటుతాండావు కదన్నా."

"కుంటుత. కుంటుకుంటనే ఉరుకుత. మంగళారం ఈ మోకాలుకు ఆపరేషనుంది. ఇగ జన్మల ఉరుకొద్దన్నడు డాక్టరు. నాకు మిగిలినయి గీ పది చుట్లే. అండ్ల ఒకటి నువ్వు తీస్కున్నవ్."

అప్పటికి తొమ్మిదిన్నర కావస్తోంది. నా పది చుట్లూ అయిపోయాయి, ఆయనవి ఎనిమిదే. "మిగిలిన రెండూ నాయే" అని చెయ్యి చాపాడు.

"నేను పోతే పది లోపల ముగిచ్చాను కదన్నా" అన్నాను. గొంతు నాకే దీనంగా వినిపించింది.

"పతకం కావాల్నా?"

"కావాల."

"నాకు పది చుట్లు కావాలె."

దస్తీ ఇంకా నా చేతిలోనే ఉంది. ఇవ్వకుండా పరుగెత్తితే ఆ కాలుతో ఆయన నన్ను అందుకోలేడు. ఆ ఆలోచన వచ్చింది, దాచడమెందుకు. ఏడుపు దిగమింగి దస్తీ ఆయన చేతిలో పెట్టాను.

పందొమ్మిదో చుట్టు ఎలాగో పరుగెత్తాడు. ఇరవయ్యోది మొదలుపెట్టేటప్పుడే నడుస్తున్నాడు. పదయింది. అడ్డుకంచెలు తీసేశారు, కార్లు వచ్చేశాయి. ముగింపు దగ్గర కట్టిన ద్వారాన్ని కూడా విప్పి లారీకెక్కిస్తున్నారు. "జర పక్కకు జరుగమ్మా" అన్నాడు కానిస్టేబులు. ఫుట్‌పాత్ మీదికి జరిగి అక్కడే నిలబడ్డాను. పదీ ఇరవైకి, టిఫిన్ బండి ముందున్న జనాన్ని తప్పించుకుంటూ, చేతిలో దస్తీతో ఆయన వచ్చాడు. ఆ బిళ్ళను లెక్కించేవాళ్ళెవరూ అక్కడ మిగల్లేదు. "నాకు పది అయినయ్" అన్నాడు. ఆయన అంతగా నవ్వడం అంతకుముందు నేను చూడలేదు. పతకం లేదని ఇంట్లో చెప్పుకోవడానికి నాకు వారం పట్టింది.

ఆపరేషనయిన మూడు వారాలకు చందానగర్లో వాళ్ళింటికి వెళ్ళాను. భార్య సుగుణమ్మ ఒకవైపు, కొడుకు ఒకవైపు రెక్కలు పట్టుకుని ఆయన్ని నడిపిస్తున్నారు. ఆయన తలెత్తి నా వైపు చూశాడు. "వదిలేయ్ వదినా, తనే నడుచ్చాడు" అన్నాను. సుగుణమ్మ నన్ను కొరకొరా చూసింది, అయినా వదిలింది. గడప నుంచి గేటు దాకా పదడుగులు. పడిపోతాడేమోనని నా రెండు చేతులూ ముందుకు పోతుంటే వెనక్కి కట్టుకున్నాను. చాలాసేపు పట్టింది. గేటు పట్టుకుని నిలబడి, జేబులోంచి ఈ దస్తీ తీసి నా చేతిలో పెట్టి, "ఇగ నీ వంతు" అన్నాడు.

ఇప్పుడు నా దగ్గర పని నేర్చుకునే అమ్మాయి ఒకతె ఉంది. ఇవాళ మధ్యాహ్నం తన పనిలో తప్పెక్కడుందో దొరక్క అరగంట నుంచి తంటాలు పడుతోంది. నాకు చూడగానే దొరికింది. చెయ్యి ఆమె కీబోర్డు మీదికి పోబోయింది. "మీరే చేసేయండి మేడం, రెండు నిమిషాల్లో అయిపోద్ది" అంది, కళ్ళల్లో నీళ్ళతో. బ్యాగులోంచి దస్తీ తీసి ఇచ్చి, "మొహం తుడుచుకో. చెయ్యాల్సింది నువ్వే" అన్నాను. అని, నా సీటుకు పోలేదు. ఆమెకు దొరికేదాకా అక్కడే నిలబడ్డాను.