సర్వే క్యాంపులో డప్పుగాడు

1957 నవంబరులో నన్ను రాయగడ అవతల టికిరి దగ్గర క్యాంపు వేసిన రోడ్డు సర్వే పార్టీకి లెవెలర్‌గా పంపారు. అక్కడి నుంచి కల్యాణసింగ్‌పూర్ వైపు కొండల మధ్య వెయ్యబోయే రోడ్డు దారిలో నేల ఎత్తుపల్లాలు కొలవడం నా పని. నా కింద కొలత గొలుసూ కర్రా పట్టే లచ్చన్న అనే చెయిన్‌మన్, సామాను మోసే ఖలాసీలు కొందరు ఉండేవారు. కొత్తగా పెళ్లయిన నా భార్య సత్యవతి డేరాలోనే కాపురం పెట్టింది. చుట్టుపక్కల ఆమెతో తెలుగులో మాట్లాడే ఆడమనిషి లేదు. తోడుగా ఉంటుందని సంతలో ఒక కుక్కపిల్లను తెచ్చి ఇచ్చాను. వారం తిరక్కుండానే దాని అరుపులు విని డప్పుగాడని పేరు పెట్టింది.

లెవెల్ అంటే ముక్కాలిపీట మీద నిలబెట్టే దుర్భిణి. దూరంగా లచ్చన్న గీతలు గీసిన నిలువెత్తు కర్ర పట్టుకుంటాడు. నేను దుర్భిణిలోంచి ఆ గీత చదివి రాసుకుంటాను. తర్వాత దుర్భిణిని ముందుకు జరిపి, అదే చోట ఉన్న కర్రను మళ్లీ చదవాలి. ఈ రెండో లెక్క పూర్తయ్యేదాకా కర్ర కదలకూడదు. కదిలిందంటే వెనకటి లెక్కకూ ముందరి లెక్కకూ లంకె తెగిపోతుంది. అంత దూరానికి మాట వినపడదు కనుక నేను చెయ్యి పైకెత్తితే 'చదివాను, ముందుకు నడు' అని అర్థం.

డప్పుగాడు మా వెంటే వచ్చేవాడు. నేను వాడి వంక చూస్తున్నంతసేపూ బుద్ధిమంతుడు. దుర్భిణికి కన్ను ఆనించానో, మొరుగుడు అందుకున్నాడే! కొండలన్నీ మారుమోగేవి. నోరు మూయించడానికి నేను జేబులోంచి బెల్లంముక్క వేసేవాణ్ణి. ఖలాసీలు అటుకులు వేసేవారు. ఒకడు ఈలవేసి బుజ్జగించేవాడు. ఇంత ఆదరణ జరుగుతుంటే వాడెందుకు మానతాడు? నెల తిరిగేసరికి వాడి ఒళ్లూ బలిసింది, గొంతూ బలిసింది.

ఒకరోజు దుర్భిణిని కొత్త చోట నిలబెట్టి, కర్రను రెండోసారి చదవబోతుంటే సరిగ్గా నా చెవి పక్కన మొదలుపెట్టాడు. ఒళ్లుమండి, కొడతానన్నట్టు చెయ్యెత్తాను. అంతే, అవతల లచ్చన్న కర్ర భుజాన వేసుకుని హుషారుగా నడక సాగించాడు. నేను వద్దు వద్దని రెండు చేతులూ ఊపేసరికి ఇంకా జోరుగా నడిచాడు. ఆ రోజు పనంతా పోయింది. మళ్లీ వెనకటి బెంచ్‌మార్కు, అంటే ఎత్తు ఖాయమైన గుర్తు రాయి, దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

మేము సామాను మోసుకుని వెనక్కి వస్తుండగా, ఎదురుగా అసిస్టెంట్ ఇంజనీరు గారి జీపు వచ్చి ఆగింది. ఇదేమిటని ఆయన అడిగారు. చెయిన్‌మన్ తొందరపడ్డాడని నోరు జారాను. లచ్చన్న ఊరుకోలేదు.

"సెయ్యెత్తేరు కదా బాబూ! కుక్కకెత్తేరో నాకెత్తేరో అంత దూరాన నాకేటి తెలుస్తాది?"

నిజమేనని ఒప్పుకోక తప్పలేదు. ఇంజనీరు గారు నవ్వలేదు. సోమవారం చెక్ లెవెలింగుకు వస్తానన్నారు. అంటే నా లెక్కల్ని ఆయనే స్వయంగా కొలిచి సరిచూడటం. ఆ రోజు కుక్క పని చెడగొడితే దాన్ని జీపులో రాయగడ తీసుకుపోతానని, అక్కడ ఒక గోడౌను యజమాని బాగా మొరిగే కుక్క కోసం వెతుకుతున్నాడని చెప్పి వెళ్లిపోయారు.

సంగతి విని సత్యవతి డప్పుగాణ్ణి ఒళ్లోకి లాక్కుంది. "నాకున్న సావాసం ఇదొక్కటే. దీన్నీ పంపేస్తే డేరా గుంజలతో మాటాడుకోవాలేటి?" అంది. నేను తప్పంతా దాని మీదికి నెట్టబోయాను.

"అరిస్తేనే కదండీ మీరు దానికేసి సూస్తారు! నాను మెల్లగా పిలిస్తే పలకరు. రేపట్నించి నానూ అరుస్తాను, నాకూ బెల్లం పెడతారేటి?"

ఆ మాటలోనే నాకు ఉపాయం దొరికింది. మర్నాటి నుంచి పార్టీ అంతటికీ కొత్త నియమం పెట్టాను. వాడు మొరిగితే ఎవరూ తిట్టకూడదు, చూడకూడదు, అందరూ వీపు తిప్పాలి. నోరు మూసి కూర్చున్నప్పుడే బెల్లం. మొదట్లో వాడు రెట్టింపు గోల చేశాడు. నవ్వాగక మేం చచ్చేవాళ్లం. ఆదివారానికి ఒకటి రెండు అరుపులతో సరిపెట్టి కూర్చోవడం నేర్చుకున్నాడు.

సోమవారం ఇంజనీరు గారు వచ్చారు. దుర్భిణి నిలబెట్టి, మమ్మల్ని వరసగా నిలబెట్టి ఏదో చెబుతున్నారు. డప్పుగాడు భౌమన్నాడు. అలవాటు ఎంత చెడ్డది! నేనూ ఖలాసీలూ లచ్చన్నా కవాతు చేసినట్టు ఒక్కసారి గిర్రున తిరిగి ఆయనకు వీపులు చూపించాం. తిరిగాక గానీ ఏం చేశామో తెలియలేదు. మళ్లీ ఇటు తిరిగితే కుక్క గెలుస్తుంది, తిరక్కపోతే నా ఉద్యోగం పోతుంది. వెనక ఆయన "చుప్! చుప్!" అంటున్నారు. పలికే మనిషి దొరికాడని వాడు రెచ్చిపోయాడు.

"పలక్కండి బాబూ," అన్నాడు లచ్చన్న కొండకేసి చూస్తూనే. "తమరూ ఇటు తిరిగిపోండి."

కాసేపటికి నా పక్కన బూట్ల చప్పుడయింది. ఓరకంట చూశాను. ఇంజనీరు గారు చేతులు వెనక్కి కట్టుకుని, మాతోపాటు కొండను చూస్తున్నారు. వాడు ఇంకో అరుపు అరిచి, మా చుట్టూ తిరిగొచ్చి, ఆయన కాళ్ల ముందు కూర్చున్నాడు. ఆయన భుజాలు కదలడం చూసి ఏడుస్తున్నారనుకున్నాను. నవ్వు ఆపుకుంటున్నారు.

ఆ తర్వాత కొలత ముగిసేదాకా కుక్క కిక్కురుమనలేదు. నా లెక్కకూ ఆయన లెక్కకూ తేడా నిబంధన అనుమతించే హద్దు లోపలే ఉంది. జీపు కుక్క లేకుండానే వెళ్లింది. ఎక్కేముందు ఆయన, కుక్కకు ఇది నేర్పడానికి ఎన్నాళ్లు పట్టిందని అడిగారు. కుక్క తొందరగానే నేర్చుకుందని, ఆలస్యమైంది నా వల్లేనని చెప్పాను.

తర్వాత చాలా సర్వే పార్టీలను నడిపాను. ఏ క్యాంపులో గోల పుట్టినా, దాన్ని మేపుతున్నది ఎవరని ముందుగా చూసేవాణ్ణి. చాలాసార్లు అది నేనే అయి ఉండేది.