ఎంగిలి పాటల క్యాసెట్టు

“ఆ పేరు తీసెయ్యమని పిల్లోళ్లకు చెప్తావా, చెప్పవా?”

“యాడ తీసేది, అచ్చు పడిపోయినాది. మే, టీలో చక్కెర తక్కువుండాది.”

నాకూ నా మొగుడికీ మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. కథల్లో మొగుళ్లు పోయేముందు పెళ్లాం చెయ్యి పట్టుకుని ఏదో ఒక మంచి మాట చెప్పి పోతారు. నా మొగుడు చక్కెర తక్కువని చెప్పి, గోడకు ఆనుకుని పోయాడు. రాసుకో పాపా, నవ్వొద్దు.

ఆ పేరు సంగతి చెప్పాలంటే పెళ్లి దగ్గర మొదలుపెట్టాలి. మొదటి మొగుడు పోయాక తనకల్లులో మా నాయన ఇంట్లో ఉన్నాను. ఈయన వచ్చి మారుమనువు చేసుకున్నాడు. మారుమనువుకు మేళం ఉండదు. పెళ్లి బ్యాండులో అందరి పెళ్లిళ్లకూ డ్రమ్ము కొట్టినవాడు తన పెళ్లికి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఇంట్లో అడుగు పెట్టగానే మా తోడికోడలు, అంటే ఇప్పుడు నా మాటలు రాస్తున్న ఈ పాప తల్లి, నాకు వినపడేటట్టే అంది: “మా మరిదికి ఎంగిలి విస్తరే దొరికినాది.”

మరునాడు పొద్దున ఆయన వదిన ఎదురుగానే టీ గ్లాసు నా చేతికిచ్చి, ఒక గుక్క తాగమన్నాడు. మిగిలింది తను తాగాడు. పెళ్లాం ఎంగిలి మొగుడు తాగడమా అని ఆమె బుగ్గలు నొక్కుకుంది. అప్పటి నుంచి ఆయన టీ అట్లాగే తాగేవాడు. నాకు మాత్రం ఎంగిలి అన్న మాట చెవిన పడితే ఒంటి మీద తేలు పాకినట్టే ఉండేది.

ఆ తర్వాత వానలు మొహం చాటేశాయి. శెనక్కాయ పండకపోతే పెళ్లిళ్లు లేవు, పెళ్లిళ్లు లేకపోతే డ్రమ్ముకు పని లేదు. కోళ్లు దాని మీద ఎక్కి పడుకునేవి. అప్పుడొచ్చారు అనంతపురం నుంచి కాలేజీ పిల్లలు నలుగురు. జుట్టు భుజాల దాకా ఉంటే తిరుపతి మొక్కేమో అనుకున్నాను. కాదు, రాక్ బ్యాండంట. గిటార్లున్నాయి గానీ డ్రమ్ము కొట్టేవాడు లేడంట. క్యాసెట్టు చేస్తున్నామన్నారు, అన్నీ కవర్ పాటలే అన్నారు. కవరంటే నాకు తెలిసింది కొట్లో చక్కెర పోసిచ్చే కవరే. పాటలు కూడా అందులో పోసి అమ్ముతారేమో అనుకున్నాను.

అనంతపురంలో ఖాళీ శెనక్కాయల గోడౌనులో వాళ్లు పాడుతుంటే, ఈయన కొట్టేది చూద్దామని ఒకసారి నేనూ పోయాను. పాడే పిల్లాడు కళ్లు మూసుకుని, తుమ్మముల్లు తొక్కినవాడిలా అరిచాడు. మా ఆయనకు తెలిసింది ఊరేగింపు దెబ్బే, అదే వేశాడు. ఆ ఇంగ్లీషు పాట కాస్తా పెళ్లికొడుకును వెంటబెట్టుకుని బయల్దేరింది. పిల్లలకు అదే నచ్చింది. తిరిగొచ్చే దారిలో కవర్ పాటంటే ఏందని అడిగాను. ఎవరో పాడేసిన పాటను మన పద్ధతిలో మళ్లీ పాడేదని చెప్పాడు.

“అంటే ఎంగిలి పాటలే కదా,” అన్నాను.

ఆయన నడిరోడ్డు మీద ఆగి, ఒళ్లు మరిచి నవ్వాడు. మళ్లీ అనంతపురం పోయినప్పుడు పిల్లలకు చెప్పేశాడు. వాళ్లు క్యాసెట్టుకు అదే పేరు ఖాయం చేశారు.

నాకు అరికాళ్ల మంట నెత్తికెక్కింది. ఆ మాట అట్ట మీద అచ్చు పడితే మా తోడికోడలి నోటికి నేనే మైకు పెట్టినట్టు కాదా? పేరు మార్పించమని రోజూ పోరాను.

“చిలక కొరికిన జామకాయను ఏరుకోని మరీ తింటావు. అది ఎంగిలి గాదా?” అన్నాడొకసారి.

“నా మొదటోడు చిలక గాదులే, కాకి.”

“ఏదైతే ఏమిలే, కాయ తియ్యగుండాది,” అని డ్రమ్ము తుడుచుకుంటూ కూర్చున్నాడు.

ఆయన పోయిన ఆ పొద్దున మొదటి బస్సుకు దిగి, క్యాసెట్లు నా ఒళ్లో పెట్టాడు. ప్లాస్టిక్ కవర్లోనే తెచ్చాడు. నాకొచ్చిన నాలుగు అక్షరాల్లో ‘ఎ’ ఉంది, పక్కన సున్నా ఉంది. మిగతాది చదవక్కర్లేకపోయింది. కోపంగానే టీ పెట్టి, అలవాటు కొద్దీ ఒక గుక్క తాగి ఇచ్చాను. తర్వాత మీరు విన్న మాటలే. సగం తాగి గ్లాసు కింద పెట్టాడు. మళ్లీ ఎత్తలేదు.

జనం చేరారు. తోడికోడలు ఏడుస్తూ వచ్చి, ఆ గ్లాసు తీసి పారబోయబోయింది. చెయ్యి పట్టుకుని లాక్కున్నాను. శవం ముందర, అందరూ చూస్తుండగా, మిగిలిన టీ తాగేశాను. చక్కెర నిజంగానే తక్కువ.

ఇందాక పాప పెన్ను ఆపి, “చిన్నమ్మా, ఆ ‘ఎంగిలి’ మాట బాగలేదు. ‘రెండో పెళ్లి పాటలు’ అని రాద్దామా?” అని అడిగింది.

“అట్లా రాస్తే ఆ క్యాసెట్టు ఎవురు కొంటారే? మీ అమ్మకు నేను చెప్పుకుంటాలే. అచ్చు పడిన మాటే రాయి. రాసినావా? యాడ, వేలు పెట్టి చూపీ. ఊ. ఇంగ మొదట్నుంచి చదువు, ఇంటాను.”