ఆదోని దూది, కాసిం సాబు వేళ్లు

రోబో చేతికి స్పర్శ నేర్పిద్దామని బయలుదేరినవాణ్ణి నేను. ఎనభైల నడుమ హైదరాబాదులో పరిశోధన చేస్తూ, బొగ్గుపొడి కలిపిన రబ్బరు బిళ్ల ఒకటి తయారుచేశాను. ఎంత గట్టిగా ఒత్తామో మీటరు ముల్లు చూపించేది. అంతకు మించి దానికేమీ తెలియదు, ఆ మాటకొస్తే నాకూ తెలియదు. వేళ్లతో బతికే మనుషులు ఎలా తాకుతారో చూసి రమ్మని మా ప్రొఫెసరు పంపారు. మగ్గాల ఎమ్మిగనూరు, పత్తి మార్కెట్టున్న ఆదోని ఒకే దారిలో ఉన్నాయి కనుక డిసెంబరులో ఒకరోజు అటు పెట్టుకున్నాను.

కర్నూలులో ఆరింటి బస్సెక్కితే ఎనిమిదిన్నరకు ఎమ్మిగనూరు. బస్టాండు ఎదుట బొరుగుల ఉగ్గాని, బజ్జీ రెండు రూపాయలకే కడుపు నింపేవి. అక్కడి నుంచి నేతగాళ్ల వీధికి నడిచే వెళ్లొచ్చు. రంగమ్మ అనే పెద్దావిడ రాట్నం తిప్పుతూ కండెకు నూలు చుడుతోంది. పోగు రెండు వేళ్ల మధ్య పరుగెడుతుంటే, నాతో మాట్లాడుతూనే ముడి తగిలిన చోట టక్కున ఆపేది. నా బిళ్ల మీద వేలు పెట్టి ఒత్తమన్నాను.

"ఒత్తితే ఏం తెలుస్తాదప్పా? పోగు యేలి కింద జారల్ల. నిలబడిన పోగు ఏం సెప్పదు," అంది.

నవ్వి, ఎలాగో ఒత్తించి, అంకె రాసుకుని లేచాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

పదకొండింటి బస్సు గంటలో ఆదోనిలో దింపింది. పత్తి సీజనులో రోడ్డంతా బండ్లే, జట్కా కన్నా నడక మేలు. పత్తి గింజలు తీసే ఒక జిన్నింగు మిల్లులో దూది నాణ్యత చెప్పే మనిషి కాసిం సాబు. అరవై దాటాయి, చూపు మందగించింది. పిడికెడు దూది తీసి, బొటనవేళ్ల మధ్య లాగి, పింజ ఎంత పొడవో చెప్పేసేవాడు. ఆ మాట మీదే మిల్లు యజమాని సేటు సరుకు కొనేవాడు.

నాకు ఆశ పుట్టింది. ఆయన కళ్లకు గంతలు కట్టి, ఐదు రకాల దూది ముందుపెట్టి గుర్తుపట్టమన్నాను. మిషనుతో పోల్చాలి కదా అని ఒక నియమం కూడా పెట్టాను: లాగకూడదు, రుద్దకూడదు, ఒత్తి మాత్రమే చెప్పాలి. నా బిళ్లకు చేతనయింది అదొక్కటే.

"లాగకుండా యెట్ల సార్? సేతులు కట్టేసి ఈదమన్నట్లుంది," అన్నాడు నెమ్మదిగా.

"ఒక్కసారి చూద్దాం సాబూ," అన్నాను.

తమాషా చూద్దామని సేటూ వచ్చి నిలబడ్డాడు. వద్దనాల్సింది. నిజం చెప్పాలంటే, చూసేవాడుంటే నాకే హుషారుగా అనిపించింది. ఐదింటిలో మూడు తప్పాయి. గంతలు విప్పాక కాసిం సాబు ఎవరి వైపూ చూడకుండా చేతులు లుంగీకి తుడుచుకున్నాడు.

"కండ్లు పోయినాయి సరే, యేళ్లు గూడా పోయినాయా సాబూ?" అన్నాడు సేటు నవ్వుతూ.

తప్పు నా నియమానిదని అప్పుడే చెప్పాల్సింది. మీటరు సర్దుకున్నాను. మనిషి వేలూ నా బిళ్లను మించలేదని ఆ సాయంత్రం బస్సులో నా అంకెలు చూసుకుని మురిసిపోయాను కూడా.

మరుసటి ఏడాదికి గానీ నా బుర్రకెక్కలేదు, కదలని వేలికి ఏమీ తెలియదని. జారేటప్పుడు పుట్టే సన్నని అదురును పట్టుకునేలా బిళ్లను మార్చి, మళ్లీ ఆదోనికి పరుగెత్తాను. కాసిం సాబు మిల్లు గేటు దగ్గర కాపలాగా కూర్చుని ఉన్నాడు.

"సేటు కొత్త మనిషిని పెట్టుకున్యాడు సార్. మీ పరీచ్చ సూసినంక నా మాట నమ్మల్యా," అన్నాడు. కోపం లేదు, అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

సేటు దగ్గరికి వెళ్లి అంతా చెప్పాను. టీ ఇప్పించి, విన్నాడు, ఏమీ మార్చలేదు. తిరిగి వస్తుంటే కాసిం సాబు కొత్త బిళ్ల చూపించమన్నాడు. వేలు ఒత్తకుండా మెల్లగా జార్చాడు, ముల్లు లేచింది. "ఇప్పుడు తెలుస్తాంది దీనికి," అని, బండి వస్తే గేటు తీయడానికి లేచాడు.

ఆ బిళ్లతోనే నాకు డాక్టరేటు వచ్చింది. సిద్ధాంతగ్రంథంలో ఆయన పేరు లేదు, తప్పిన మూడు జవాబులు మాత్రం ఒక పట్టికలో ఉన్నాయి. ఇన్నేళ్లయినా ఆ పేజీ తెరవాలంటే సిగ్గేస్తుంది. మీరు అటు వెళ్తే ఒకటే సలహా: పనివాణ్ణి తన పద్ధతిలోనే చూపించమనండి. అదీ యజమాని భోజనానికి వెళ్లే ఒంటిగంటకు వెళ్లండి.