నిమ్మగడ్డి నూనె పిలిచిన చుట్టాలు

ఒక్క చిన్న సీసాతో నిశ్చితార్థాన్ని తలకిందులు చేయడం ఎలాగో తెలుసుకోవాలంటే నన్ను అడగండి. చేసి చూసినవాణ్ణి.

అప్పట్లో బెంగళూరులో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్నాను. నిమ్మగడ్డి నూనెలో ఏమేమి ఉన్నాయి, ఏ పురుగు మీద ఎలా పనిచేస్తాయి అన్నది నా ప్రాజెక్టు. అందులో ఎక్కువ భాగం సిట్రాల్ అనీ, ఆ వాసనకు దోమలు పారిపోతాయనీ తేలింది. అంతే, దోమల జాతికి యముణ్ణి నేనేనని నమ్మకం కుదిరింది.

ఊరి చివర కాడుగోడిలో మా చిన్నమ్మ కూతురు సునీత నిశ్చితార్థం. ఇంటిముందు షామియానా, పక్కన మురికికాలువ.

"ఏమప్పా, అంత చదువుతా ఉండావు, ఈ దోమలకేమన్నా చేయకూడదా?" అంది చిన్నమ్మ.

"చిటికెలో పని చిన్నమ్మా!"

పొద్దున్నే స్ప్రే సీసాతో బయల్దేరాను. షామియానా, పూలదండలు, దేన్నీ వదల్లేదు. మిగిలినదంతా పెళ్ళికొడుకు కోసం అద్దెకు తెచ్చిన సింహాసనంలాంటి కుర్చీకి ధారపోశాను. దోమలు మాయం. లేని మీసం దువ్వుకున్నాను.

కాసేపటికి హోరు వినిపించింది. బ్యాండనుకున్నాను. తేనెటీగలు! గుంపుకు గుంపే కదిలివచ్చి, గుమ్మడికాయంత గుత్తిగా పెళ్ళికొడుకు కుర్చీలో ఆసీనమైంది. సునీత ఏడుపుకు సిద్ధమైంది.

"అల్లుడు యాడ కూర్చోవల్లరా? ఏమి పోసినావు దానికి?" అని చిన్నాయన కేక.

"సిట్రాల్ చిన్నాయనా."

"అంటే?"

ఆ సంగతి నాకూ పూర్తిగా తెలీదని అప్పుడే అర్థమైంది. గోడచాటుకు పోయి ల్యాబ్‌లో సీనియర్ కవితక్కకు ఫోన్ చేశాను.

"తేనెటీగలు తోటివాటిని పిలవడానికి వదిలే వాసనలోనూ సిట్రాల్ ఉంటుంది కదరా! నువ్వు దోమల పేపర్లే చదివావా?"

"అవే అక్కా."

"అయితే వాటికి శుభలేఖ పంపినట్టే. కదిలించకు, వాటంతట అవే పోతాయి."

"ఎప్పుడు?"

"అది వాటి ఇష్టం."

ఇంతలో కార్లు ఆగాయి. చిన్నాయన పెళ్ళివారిని ఎదురింటి కారు షెడ్డులోకి నడిపించాడు. ఉంగరాలు అక్కడే మార్చుకున్నారు. ఆ షెడ్డులో దోమలు దండుగా ఉన్నాయి. నా సీసా ఖాళీ. తాంబూలాలు అందుకుంటూనే అందరూ గోక్కుంటున్నారు. పెళ్ళికొడుకు తల్లి మోచేతిమీద ఠపీమని కొట్టుకుంది.

"దోమల మీద చదివే పిల్లోడు ఒకడు ఉండాడంటిరే వదినా, వాడు ఈ పొద్దు రాలేదా?"

చిన్నమ్మ సూటిగా నావైపు చూసింది.

"లేదు వదినా. వానికి ఒంట్లో బాగలేదు."

తాంబూలం పళ్ళెం చేతబట్టుకుని, భూమ్యాకాశాల సాక్షిగా అక్కడికక్కడే ప్రతిజ్ఞ చేశాను: ఇక ఈ జన్మలో, ఏ శుభకార్యంలోనూ, నాకు చదువొచ్చని ఎవరికీ చెప్పను.