అక్క పెళ్లి క్యాసెట్‌లో ఎడమ అంచు

దయ్యాల మాటెత్తితే నాకు నవ్వొచ్చేది. జహీరాబాద్‌లో నాది ఫొటో స్టూడియో. ఫొటోలో మసకగా ఏం కనిపించినా దయ్యమేనంటూ పరిగెత్తుకొచ్చేవాళ్లు. ముందు లెన్సు తుడుచుకోండని పంపేసేవాడిని.

అక్క పెళ్లి వీడియో నేనే తీశాను, చిన్న డిజిటల్ క్యాసెట్ పట్టే క్యామ్‌కార్డర్‌తో. ఆ పెళ్లిలో నాయిన లేడు. హైవే మీద లారీ గుద్ది, రెండు కాళ్లకూ కట్లతో బీదర్ దవాఖానాలో ఉన్నాడు. ముహూర్తం తప్పించొద్దని ఆయనే పట్టుబట్టాడు. పెళ్లయిన పదకొండో రోజున అక్కడే పోయాడు. కన్నతండ్రి అక్షింతలు తన మీద పడలేదని అక్కకు తీరని బాధ.

నిరుడు అక్కావాళ్లు పెద్ద టీవీ కొన్నారు. "ఆ క్యాసెట్ జర మంచిగ కనవడేటట్టు పెట్టు తమ్మీ" అంది.

ఒక ఆదివారం పొద్దున వెళ్లాను. మామూలు పసుపు వైరుతో బొమ్మ అలుక్కుపోయింది. రంగును విడిగా పంపే ఎస్-వీడియో వైరును చిన్న కన్వర్టర్‌తో కలిపితే రంగులు నిలబడ్డాయి. టీవీ బొమ్మను అడ్డంగా సాగదీసింది. "మా అత్త గింత లావు ఎప్పుడున్నది?" అని అక్క ఒకటే నవ్వు. అదీ సరిచేశాను.

ఇంకొకటి మిగిలింది. టీవీలు బొమ్మ అంచులను కొంచెం కోసేస్తాయి, పాత డబ్బా టీవీలైతే మరీ ఎక్కువ. సెట్టింగ్ మార్చి పూర్తి బొమ్మ వచ్చేలా చేశాను.

జీలకర్ర బెల్లం పెడుతున్నారు. ఎడమ అంచున, మేమెన్నడూ చూడని చోట, ఒక చెయ్యి. ఉంగరపు వేలు సగమే ఉంది. నాయిన వేలు చెరకు గానుగలో సరిగ్గా అంతే పోయింది. ఆ చెయ్యి మూడుసార్లు అక్షింతలు వేసింది. నేను టేపు ఆపాను.

"నాయినది" అంది అక్క. "మల్లొక్కసారి పెట్టు."

తర్వాత క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించి ఒక్కో ఫ్రేమూ చూశాను. టేపు చెడితే బొమ్మ గళ్లు గళ్లుగా వస్తుంది, చేతులు రావు. అలాంటి వేలున్న మనిషి రెండు వైపుల చుట్టాల్లో ఎవరూ లేరు.

పెళ్లి రోజు దవాఖానాలో నాయిన మంచం పక్కనే ఉన్నది మా చిన్నాయిన. ముహూర్తం వేళకు నాయిన ఎలా ఉన్నాడని ఆయన్ను అడిగాను.

"యాడికి కదుల్తడురా? కండ్లు మూసుకొని ఉన్నడు. చెయ్యి మాత్రం రెండు మూడుసార్లు లేపిండు. నీళ్లు గావాల్నేమో అనుకొని గిలాస ఇస్తే, వద్దన్నడు."

ఇది ఎలా జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. చిన్నాయిన మాట అక్కకు చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఇన్నేండ్లు ఉత్తగనే ఏడ్చిన తమ్మీ" అంది.