మూల గదిలో పక్క వేసిన పెద్దావిడ

పెద్దావిడ పోయారని మంగళవారం పొద్దున మెసేజ్ వచ్చింది. అప్పుడు నేను డబ్లిన్‌లో ఇండియన్ స్టోర్‌లో కొత్తిమీర కట్టలు ఏరుతున్నాను. ఒకప్పుడు కలిసి పనిచేసిన అమ్మాయి రెండే ముక్కలు రాసింది. నిద్రలోనే పోయారట, ఆదివారం అందరూ విడిదిలోనే కలుస్తున్నారట. కట్ట చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోతే, వెనకాల ఎవరో ఎక్స్‌క్యూజ్ మీ అన్నారు. పక్కకి జరిగాను. ఏడుపు రాలేదు. ఆవిడకి చెప్పాల్సిన మాట ఇక చెప్పలేనన్న భయం మాత్రం ముందు వచ్చింది.

ఆ విడిది డబ్లిన్‌కి గంటన్నర దూరంలో, కొండల్లో ఉంది. జపాన్ పద్ధతిలో కట్టిన ఖరీదైన చోటు. గదులు పన్నెండే. లోపలికి వెళ్తే ఏమీ ఉండదు. గడ్డిచాపలు పరిచిన నేల, కాగితం అతికించిన జారుడు తలుపులు, ఒక పొట్టి బల్ల. గోడలో ఒక గూడు, ఆ గూట్లో వేలాడే బొమ్మ, దాని ముందు ఒక్కటంటే ఒక్క పువ్వు. మంచం ఉండదు. గెస్టులు భోజనానికి వెళ్లిన సమయం చూసి మేం వెళ్లి, అల్మరాలోంచి పరుపులు తీసి నేలమీద పక్క వేసి వచ్చేవాళ్లం. పొద్దున మళ్లీ ఎత్తేసేవాళ్లం. ఇంత డబ్బు పోసి నేలమీద పడుకోవడానికి వస్తారేంటి వీళ్లు అని మొదట్లో నాకు నవ్వొచ్చేది.

ఆ గదులన్నిటికీ పెద్ద ఆవిడే. వయసులో ఉండగా జపాన్ నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నేను కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి, డిపెండెంట్ వీసా మీద ఏళ్ల తరబడి ఇంట్లో గోడలు చూస్తూ కూర్చున్నదాన్ని. వర్క్ పర్మిట్ వచ్చాక ఊరంతా అప్లికేషన్లు పెట్టాను. పిలిచింది ఆవిడొక్కరే. నాలుగేళ్లు ఆవిడ చేతికింద పనిచేశాను.

మొదటి వారమంతా తలుపు తీయడమే నేర్పించారు. మోకాళ్ల మీద కూర్చోవాలి. కొంచెం తీసి ఆగాలి, ఆ తర్వాతే మిగతాది తీయాలి. ఆ ఆగడం ఎందుకని అడిగితే, "లోపలున్నవాళ్లు తమ మొహం తాము సర్దుకోవద్దా?" అన్నారు. ఆవిడ పొదుపుగా మాట్లాడే ఇంగ్లీషుకి ఇది నా తెలుగు. తొక్కకూడని చాపల అంచు మీద నా కాలు పడితే ఏమీ అనేవారు కాదు, నా కాలికేసి చూసేవారంతే. అంతకంటే తిట్టినా బాగుండేది. రోజూ పొద్దున తోటంతా తిరిగి మూడు పువ్వులు కోసుకొచ్చేవారు. గూట్లోకి ఒకటే వెళ్లేది. మిగతా రెండూ మేం అన్నాలు తినే బల్ల మీదికి వచ్చేవి.

నేను మొదటిసారి పక్క వేసినప్పుడు, పక్కనున్న అమ్మాయి పెట్టిన దిండు తీసి ఇంకో వైపుకి మార్చాను. పెద్దావిడ చూసి ఎందుకు మార్చావని అడిగారు. అటు ఉత్తరమండీ, తల పెట్టకూడదు, మా అమ్మమ్మ చూస్తే ఊరుకోదు అన్నాను. ఆవిడ నా వంక కొత్తగా చూశారు. వాళ్లలోనూ అంతేనట. పోయినవాళ్లనే అలా పడుకోబెడతారట. ఇక్కడ ఒక్కొక్కరికీ ఈ మాట నేర్పడానికి నెలలు పట్టింది, నువ్వు ఇంటి నుంచే నేర్చుకొచ్చావు అని నా భుజం తట్టారు. ఆ మర్నాడే మూల గది నాకు అప్పగించారు.

మూల గది అన్నిట్లోకీ గొప్పది. కాకపోతే కట్టినవాడు, పడుకుంటే ఎదురుగా తోట కనిపించాలని, తల ఉత్తరానికి వచ్చేలా కట్టాడు. పెద్దావిడ పక్క అడ్డంగా తిప్పి వేయించేవారు. తోట కనిపించట్లేదని గెస్టులు సణిగేవారు. ఆఫీసువాళ్లు ఆవిడని బతిమాలేవారు. "తోట పొద్దున కూడా ఉంటుంది" అనేవారావిడ, అంతే.

ఇక నా సంగతి. గదులు సర్దుతున్నానని డబ్లిన్‌లో ఎవరికీ చెప్పలేదు. హాస్పిటాలిటీలో చేస్తున్నా అనేదాన్ని. యూనిఫామ్ కారు డిక్కీలోనే ఉండేది, ఇంట్లోకి తెచ్చేదాన్ని కాదు. నలుగురిలో చులకనైపోతానని నా భయం.

మా కాంప్లెక్స్‌లోనే ఉండే ఒకావిడని నేను అక్కా అని పిలుస్తాను. గుంటూరు నుంచి అత్తామామలు వస్తే, వాళ్ల పెళ్లిరోజుకని అక్క ఈ విడిదే బుక్ చేసింది. నాకు తెలియదు. ఆ సాయంత్రం మూల గదిలో నేను పక్క వేస్తున్నాను. పెద్దావిడకి అప్పటికే మోకాళ్ల నొప్పులు, అందుకని నిలబడి గూట్లో బొమ్మ సరిచేస్తున్నారు. అత్తగారు మాత్రలు మర్చిపోయారని అత్తాకోడళ్లిద్దరూ భోజనం మధ్యలో లేచి వచ్చారు. ఆదరాబాదరాగా తలుపు తీసేసరికి దుప్పటితో నేను.

"ఏమ్మా, నువ్వేంటి ఇక్కడ?" అంది అక్క.

"నేనిక్కడ రూమ్స్ మేనేజర్‌ని అక్కా. స్టాఫ్ షార్ట్ అయితే చూస్తున్నా. ఈవిడ మా స్టాఫే," అన్నాను. చెయ్యి కూడా చూపించాను.

పెద్దావిడకి తెలుగు రాదు. కానీ మేనేజర్, స్టాఫ్, చూపించిన నా చెయ్యి, ఇవి చాలవా? ఒక్క క్షణం నా మొహంలోకి చూశారు. తర్వాత నా చేతిలో దుప్పటి మెల్లగా తీసుకుని, "నేను పూర్తి చేస్తాను మేడమ్" అని నాకు తల వంచి, ఆ నొప్పి మోకాళ్ల మీదే నేలమీద కూర్చున్నారు. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను.

అత్తగారు పక్క వంక చూసి మెచ్చుకున్నారు. ఉత్తరానికి తల రాకుండా వేస్తోందే, ఈ దేశంలో ఈవిడకెలా తెలుసో అన్నారు.

"నేనే నేర్పానండీ," అన్నాను. నన్నెవరూ అడగలేదు.

తర్వాత దుప్పట్ల గదిలో ఇద్దరమే ఉన్నాం. కోప్పడతారని చూశాను. దుప్పటి మడత ఒక పక్క పొడుగైంది, రేపు చూసుకో అన్నారు. అంతకు మించి ఆ రోజు గురించి ఒక్క మాట అనలేదు, ఆ రోజూ, ఆ తర్వాతా. నేనేమో తేలు కుట్టిన దొంగలా తిరిగాను. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ ఏడాది గడిపేశాను. ఈలోగా ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చింది. చివరి రోజు ఆవిడ గుమ్మం దాకా వచ్చి, నా కారు మలుపు తిరిగేదాకా తల వంచుకుని నిలబడ్డారు, గెస్టుల్ని సాగనంపినట్టే. అద్దంలో చూస్తూ ఏడ్చాను. కారు మాత్రం ఆపలేదు.

ఆవిడకి ఒంట్లో బాగోలేదని తెలిసి రెండుసార్లు చూడడానికి వెళ్లాను. రెండోసారి మాట నోటిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే నర్సు వచ్చింది. నర్సు వెళ్లిపోయాక నేను మళ్లీ ఎండల గురించి మాట్లాడాను. ఆవిడ ఓపిగ్గా విన్నారు. చెప్పడానికి ఏదో వచ్చిందని ఆవిడకి తెలుసనే అనిపిస్తుంది. తలుపు కొంచెం తీసి ఆగారు. లోపల సర్దుకోలేనిది నేనే.

మంగళవారం సాయంత్రం అక్కకి ఫోన్ చేశాను. పెద్దావిడకి చెప్పలేనిది కనీసం ఎవరి ముందు అబద్ధమాడానో వాళ్లకైనా చెప్పాలనిపించింది. "ఆవిడ నా స్టాఫ్ కాదక్కా. నేనే ఆవిడ కింద గదులు సర్దేదాన్ని. ఆ ఉత్తరం సంగతి కూడా నేను నేర్పింది కాదు, ఆవిడ ఎప్పట్నుంచో పాటిస్తున్నదే," అన్నాను.

అక్క తికమకపడింది.

"మరి ఆవిడ అలా చెప్పిందేంటే? మర్నాడు టిఫిన్ తెచ్చినప్పుడు మా అత్తయ్య థాంక్స్ చెప్పమంటే నేనే చెప్పా, మీ మేనేజర్ మీకు భలే నేర్పిందండీ అని. అవును, ఆమె దగ్గరే నేర్చుకున్నా, చాలా మంచి టీచర్ అంది. చెప్పి లేవబోతే మోకాలు పట్టేసింది పాపం. మా అత్తయ్యే చెయ్యిచ్చి లేపింది."

ఆ పొద్దున నేను వెనక తలుపు దగ్గర నక్కి, వాళ్ల కారు ఎప్పుడు కదులుతుందా అని చూస్తున్నాను. కళ్లారా చూడనిది ఇప్పుడు కళ్లు మూసుకున్నా పోవడం లేదు. మూల గది గుమ్మంలో, గుంటూరు నుంచి వచ్చిన ఒక ముసలావిడ వంగి చెయ్యి అందిస్తోంది. ఆ చెయ్యి పట్టుకుని, ఇంకో చెయ్యి తలుపు చట్రం మీద ఆన్చి, నొప్పిని పంటి బిగువున ఓర్చుకుని నవ్వుతూ పెద్దావిడ మెల్లగా పైకి లేస్తున్నారు.